చుక్క గుర్తు

మార్కాపురం కంభం రోడ్డు మలుపులో
ఎర్రగొడుగు కింద నించి పిలిచాడు కుర్రాడు:
"అవ్వా, నెలకు నూటతొంభైతొమ్మిదే.
ఎంతసేపైనా మాట్లాడుకో, ఎవురితోనైనా."
అంతసేపు మాట్లాడను నాకెవురున్నారబ్బాయా అన్నాను.
అయినా నిలబడ్డాను.
గొడుగు నీడ బాగుంది.

గాజుబిళ్ల మీద వేలు పెట్టమన్నాడు.
పెట్టాను. రాలేదన్నాడు.
కొంగుకు రుద్దుకుని పెట్టాను. రాలేదు.
నోటి ఆవిరి ఊది, గట్టిగా అదిమి...
యంత్రానికి నేను కనపడలేదు.

ముప్పైయొక్క ఏళ్లు
పలకల ఫ్యాక్టరీలో అంచులు నునుపు చేశాను.
ఏ ఊరి పిల్లలు అ ఆ లు దిద్దారో వాటి మీద.
నేను దిద్దలేదు గానీ
నా వేలి గీతలన్నీ వాటికే పోయాయి.

ఐదోసారి కీచుమంది.
"వచ్చిందవ్వా, వచ్చింది!"
కాన్పు చేసిన మంత్రసానిలా సంబరపడ్డాడు.
దేనికి వేలేశాన్రా అంటే
ఫోన్‌లో పేజీని పైకి తోశాడు, తోశాడు,
బావిలోకి చేద వదిలినట్టు.
అడుగు తగల్లేదు.
"అన్నీ మామూలేనవ్వా. అందరూ ఒప్పుకునేవే."

ఇరవై ఎనిమిదో నాడు గొంతు పడిపోయింది,
నాది కాదు, ఫోన్‌ది.
దోర్నాలలో మా చెల్లెలు కోడి పొదుగు సంగతి చెబుతుంటే
గుడ్లు ఎన్ని పగిలాయో తెలియకుండానే.
గోడ మీద బొగ్గుగీతలు లెక్కపెట్టాను,
పాలవాడి గీతల పక్కనే.
వాళ్ల నెలకు ఇరవై ఎనిమిది రోజులంట!
అంటే ఏడాదికి పదమూడు నెలలు.
మన పంచాంగంలో అధికమాసం ఎప్పుడో మూడేళ్లకోసారి,
దానికీ ముందే అయ్యవారొచ్చి చెప్పిపోతాడు.
వీళ్లకు ఏటేటా అధికమాసమే.

ఆపైన అడగని పాట ఒకటి.
నాకు ఫోన్ చేసినోళ్లకు వినపడుద్దంట,
నాకు మాత్రం వినపడదంట.
దానికి ముప్పై ఆరు రూపాయలు.
"ఈ వయసులో పెళ్లిపాట పెట్టుకున్నావేందే"
అని చెల్లెలు ఒకటే నవ్వు.

మళ్లీ గొడుగు కాడికి పోయాను.
వాడి పేరు కాశింపీరా.
మెడలో బిళ్ల మీద ఉంటే పక్క కొట్టాయన చదివి చెప్పాడు.
వాడు బోర్డు వంక వేలు చూపించాడు.
తొమ్మిది పక్కన గోరంత చుక్క.
మొన్న ఈగ వాలిందనుకున్నాను.
"చుక్కుంటే కింద షరతులున్నట్టవ్వా."
కిందంటే యాడ?
బోర్డు అంచున, మేకు కొట్టిన కాడ,
చీమలబారు లాంటి అక్షరాలు.
పట్టపగలు చుక్కలు చూపించడమంటే
ఊరికే అనే మాట అనుకున్నా ఇన్నాళ్లూ.

"చదువు" అన్నాను.
డిగ్రీ పాసైనోడు, కూడబలుక్కుంటూ చదివాడు.
సగంలో ఆగి
"ఇది నాకూ తెలీదవ్వా" అన్నాడు మెల్లగా.
సిమ్ముకు ఇరవై రూపాయలంట వాడికి.
వారానికి నలభై అమ్మకపోతే అదీ లేదంట.
ఆ మాట ఏ కాయితంలో ఉందిరా అంటే
తల గోక్కున్నాడు.
వాడూ యాడో వేలేసినోడే.

మర్నాడు సంచిలో పలక పెట్టుకుని పోయాను.
ఫ్యాక్టరీ మూసేసిన రోజు
కూలి బాకీ కింద మేస్త్రి ఇచ్చినవి నాలుగు.
మూడు కుండల మీద మూతలయ్యాయి.
ఇది మిగిలింది.
బలపం కొన్నాను, రెండు రూపాయలు.
దాని ధర పక్కన చుక్క లేదు.

"నెలకు ఎంతో, నెలంటే ఎన్నాళ్లో, పాటకు ఎంతో
దీని మీద రాయి, లావుగా.
చదవడం రాకపోతే ఏం, చదివించుకుంటాను."

బలపం తీసుకున్నాడు.
ఒకటి వేశాడు. తొమ్మిది. ఇంకో తొమ్మిది.
అలవాటున చెయ్యి పక్కకు పోయి
చుక్క పెట్టబోయి ఆగింది.
నా మొహం చూశాడు.
బొటనవేలు నాలుక మీద తడుపుకుని
పలకంతా తుడిచేశాడు, ఒకటో తరగతి పిల్లోడిలా.

పొద్దు వాలి గొడుగు నీడ రోడ్డు మీదికి పోయింది.
ఇద్దరం ఎండలో నిలబడ్డాం.
తడి ఆరినాక చూస్తే
పలక మీద వాడి వేలిముద్ర.
గీతలన్నీ ఇంకా ఉన్నాయి.